టేపు కొక్కెము కదలుట యేల?

మధురలో మల్లెపూలమ్ము స్త్రీలు నేటికిని మోచేతినుండి వ్రేలికొనవరకు గల తమ చేతితోనే దండను కొలిచి యిత్తురు. మన మూరయు, తమిళుల ముళమును ఒక్కతల్లి బిడ్డలే. పూలకు ఆ కొలత చాలును. అమ్మునామె చేయి పొడుగైనచో మనకు లాభమే. గోడగూటిలో పలక అమర్చవలసివచ్చినపుడు మాత్రము ఎవరి మూర యను ప్రశ్న పుట్టును. అచ్చట ఉక్కుటేపే శరణ్యము.

టేపు కొనను చిన్న కొక్కెము కలదు. అది కొంచెము ముందు వెనుకలకు కదలుచుండును. మన యిండ్లలో కొందరు అది వదులైనదని తలచి సుత్తితో కొట్టి బిగింతురు. టేపునకు ఇంతకన్న చేయదగిన అపకారము లేదు. ఆ కదలిక కావలెనని పెట్టినదే. పలక అంచునకు తగిలించి లాగినపుడు కొక్కెము తన మందమంత వెలుపలికి జరుగును. కొలత దాని లోపలి ముఖమునుండి మొదలగును. గూటి లోపల గోడకు ఆనించి నొక్కినపుడు అంతమేర లోనికి జరుగును. అప్పుడు కొలత వెలుపలి ముఖమునుండి మొదలగును. ఆ మందము సుమారు 1 మిల్లీమీటరు. బిగించిన టేపు ఈ రెండిటిలో ఒకదానినైనను తప్పుగా చూపక మానదు. కొక్కెము వంగిన టేపే గతియైనచో 10 సెంటీమీటర్ల గీతనుండి కొలిచి, పిమ్మట ఆ పదింటిని తీసివేయవలెను. తీసివేయుట మరచువారే పెక్కుమంది!

గూటి వెడల్పు కొలుచునపుడు టేపు రెండవ మూలలో వంపు తిరుగును. ఆ వంపునొద్ద చదివిన అంకె ఊహయే. ఎడమగోడనుండి 50 సెంటీమీటర్లకు గీత గీచి, కుడిగోడనుండి ఆ గీతవరకు కొలిచి, రెండును కూడుట మేలు. మన తెలుగు వీధులలోని పాత యిండ్ల గోడలు తిన్నగా నుండుట అరుదు. కావున గూటి ముందు, నడుమ, వెనుక మూడుచోట్లను కొలువవలెను. చిన్న కొలతకు కోసిన పలక లోనికి చొచ్చును. పెద్దదానికి కోసినది గోడసున్నమును గీచి నడుమ నిలిచిపోవును.

1956లో పార్లమెంటు శాసనముచే మెట్రిక్ కొలతలు వచ్చినను, వడ్రంగుల నోట అడుగులు, అంగుళములే వినవచ్చును. అంగుళము 2.54 సెంటీమీటర్లు, 3 అడుగులు 91.44. మూడడుగులకు బదులు 90 సెంటీమీటర్ల పలక తెచ్చినచో 1.44 సెంటీమీటర్లు తక్కువబడును. ఇచ్చటి వడ్రంగులు అంగుళములో ఎనిమిదవ వంతును ‘నూలు’ అందురు. ఆంధ్రదేశమున శిక్షణ పొందునాడు మేము ఈ మాటను ఈ యర్థమున వినియుండలేదు. మిల్లుల కోయంబత్తూరులో నూలనగా దారమనియే మొదట తలచితిమి. వడ్రంగి “24 అంగుళముల 3 నూళ్లు” అన్నపుడు, దశాంశములు నేర్చిన విద్యార్థి 24.3 అని వ్రాసికొనును. అది 24.375 అంగుళములు, అనగా సుమారు 61.9 సెంటీమీటర్లు. తేడా 2 మిల్లీమీటర్లే యైనను, టేకుపలక ఒకమారు కురుచయైన పిదప మరల పెరుగదు.

గీత చదువునపుడు కన్ను దానికి నేరుగా నుండవలెను. టేపు నడుమ పల్లముగా నుండుటచే అంచులు చెక్కకు ఎడముగా నిలుచును. ప్రక్కనుండి చూచినచో గీత జరిగినట్లు తోచును. టేపును కొద్దిగా ఒరిగించి అంచును చెక్కకు తాకించినచో ఈ చిక్కు తీరును. కొలుచుట ముగిసిన పిమ్మట టేపును ఒక్కపెట్టున విడువక, వ్రేలితో నిదానించి లోనికి పోనీయవలెను. లేనిచో కొక్కెము పెట్టెకు కొట్టుకొని, దానిని పట్టియుంచు రివెట్ల రంధ్రములు సాగి, ఆ 1 మిల్లీమీటరు కదలిక రెండగును.