పేడపురుగుకి టోపీ

ఒరేయ్, అరుగు దిగి ఇలా రండర్రా! మన ఆవు గంగి ఇప్పుడే పేడ వేసింది, అప్పుడే వాసన పట్టి వచ్చేశాడు నల్లకోటు పెద్దమనిషి. చూడండి, అమ్మమ్మ సున్నుండ చుట్టినంత నున్నగా ఎలా చుడుతున్నాడో! ఇక తల కిందికి వాల్చి, వెనక కాళ్లతో దాన్ని నెట్టుకుంటూ వెనక్కి నడిచిపోతాడు.

వెనక్కి నడిచేవాడికి దారెలా తెలుస్తుందంటారా? దక్షిణాఫ్రికాలో కొందరు శాస్త్రవేత్తలు రాత్రిళ్లు తిరిగే పేడపురుగుల నెత్తిన బుల్లి అట్టముక్క టోపీలు పెట్టారు. ఆకాశం కనబడక పాపం అవి దారితప్పి అడ్డదిడ్డంగా తిరిగాయి. పాలపుంతను చూసుకునే అవి తిన్నగా పోతాయని 2013లో లోకానికి చెప్పారు. పేడలో పుట్టినవాడికి చుక్కల లెక్క తెలుసు, మన చంటిగాడికి ఇంకా తూర్పేదో తెలీదు!

ఆ పేడ ఉండని పేడపురుగులు నేలలో పాతేస్తాయి, అందులో ఆడపురుగు గుడ్డు పెడుతుంది. పిల్ల కళ్లు తెరిస్తే చుట్టూ అన్నమే. మధ్యలో మనకి లాభం: ఎరువు వేళ్ల దాకా దిగుతుంది, నేల గుల్లబారి వాన ఇంకుతుంది.

ఇంత మేలు చేసే ఈ పురుగుల విషయంలో నిరుడు నేనో తెలివితక్కువ పని చేశాను. ఏ గొడ్డుకి నట్టలున్నాయో చూడకుండా, మందకంతా ఒకేసారి ఐవర్‌మెక్టిన్ సూది వేయించాను. మందు గొప్పదే, కాదనను. జపాన్ మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి వచ్చింది. ఆఫ్రికాలో ఎంతోమంది కళ్లు పోకుండా కాపాడింది. దాని వెనకున్న ఒమురా, క్యాంప్‌బెల్‌లకి 2015లో నోబెల్ కూడా ఇచ్చారు. కానీ గొడ్డు ఒంట్లో చేరిన మందులో చాలాభాగం పేడలోకే వస్తుంది, చాలా రోజులపాటు. ఆ పేడ తిన్న పేడపురుగు పిల్లలు చాలావరకు బతకవు. ఆ పిల్లల్ని ఏరుకు తినే గోరింకలకీ, పెద్ద పురుగుల్ని పట్టుకునే పాలపిట్టకీ కూడు తగ్గుతుంది. దసరాకి పాలపిట్ట కనబడలేదని ఊరంతా వెతుకుతాం, దాని కంచంలో మట్టి కొట్టిందెవరో మాత్రం చూసుకోం.

పైగా అన్నింటికీ ఊరికే మందు వేస్తుంటే నట్టలు కూడా మొండికేస్తాయి. అందుకే ముందు పేడ పరీక్ష. డాక్టరుగారు సూక్ష్మదర్శినిలో నట్టల గుడ్లు లెక్కబెట్టి, అవసరమైన గొడ్డుకే రాస్తారు. మందు వేసినదాన్ని కొన్నాళ్లు కొట్టంలోనే కట్టేసుకుంటే బీడంతా పాడవ్వదు.

రేపు పొద్దున్నే గంగి వేసిన పేడ నిమ్మకాయంత తీసి డబ్బాలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్తున్నాను. డబ్బా పట్టుకోడానికి ఎవడొస్తాడ్రా నాతో?