ఈద్ స్టాక్ లేటు కాకూడదంటే.. తేదీలు వెనక నుంచి లెక్కేయాలి

రంజాన్ సీజన్‌లో బట్టల షాపు నడిపేవారికి ఇది తెలిసిన బాధే. సూరత్‌లో ఆర్డర్ పెట్టిన సరుకు చాంద్ రాత్ దాటాక దిగుతుంది. గిరాకీ పోతుంది, అప్పు తెచ్చిన డబ్బు గోడౌన్‌లో ఇరుక్కుపోతుంది. తప్పంతా ట్రాన్స్‌పోర్ట్‌దే అనుకుంటారు. కానీ చాలాసార్లు పొరపాటు ఆర్డర్ వేసిన రోజే జరిగిపోతుంది.

షాపులో సరుకు ఉండాల్సిన తేదీ వేరు, అక్కడి నుంచి బయలుదేరాల్సిన తేదీ వేరు. ఎస్‌ఏపీ లాంటి పెద్ద సాఫ్ట్‌వేర్లు సరుకు అందాల్సిన తేదీ నుంచి వెనక్కి లెక్కేస్తాయి. దీన్నే బ్యాక్‌వర్డ్ షెడ్యూలింగ్ అంటారు. చిన్న షాపువాళ్లు ఇదే లెక్క కాగితం మీద వేసుకోవచ్చు.

ఉదాహరణకు ఫిబ్రవరి 20 నాటికి సరుకు షాపులో ఉండాలి అనుకుందాం. దించి సరిచూడటానికి 1 రోజు, ఆలస్యం కోసం 3 రోజులు, దారిలో 5 రోజులు, ప్యాకింగ్‌కు 2 రోజులు తీసేయండి. అంటే ఫిబ్రవరి 9కే అక్కడ సరుకు రెడీగా ఉండాలి. తయారీకి 20 రోజులు పడితే ఆర్డర్ జనవరి 20కే వెళ్లాలి.

ట్యాలీ ప్రైమ్‌లో పర్చేజ్ ఆర్డర్ వేసేటప్పుడు ఐటమ్ దగ్గర 'డ్యూ ఆన్' తేదీ అడుగుతుంది. ఖాళీగా వదిలేయకండి. 500 పీసులు ఒకేసారి వద్దనుకుంటే 200 ఒక తేదీకి, 300 ఇంకో తేదీకి విడగొట్టవచ్చు. ఆర్డర్ అవుట్‌స్టాండింగ్ రిపోర్ట్‌లో ఇంకా రావాల్సిన సరుకెంతో, దాని గడువెప్పుడో కనిపిస్తుంది. వారానికోసారి అది చూసి సప్లయర్‌కు ఫోన్ చేయాలి.

సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు ఉండాలి. మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఇస్తారు. 1,000 కిలోమీటర్లైతే 5 రోజులు. లారీ దారిలో ఆగితే, గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి, ముగిసిన 8 గంటల లోపు పొడిగించుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం, పాత ఆర్డర్‌ను కాపీ చేసి అవే తేదీలు ఉంచేయడం ప్రమాదం. సాఫ్ట్‌వేర్‌లో ఉండేది ఇంగ్లీషు క్యాలెండర్. హిజ్రీ సంవత్సరం దానికంటే దాదాపు 11 రోజులు చిన్నది. మన దేశంలో 2024లో ఈదుల్ ఫితర్ ఏప్రిల్ 11న వస్తే, 2025లో మార్చి 31నే వచ్చింది. పాత తేదీలే పెట్టినవారి సరుకు పండుగ అయ్యాక దిగుతుంది. చంద్రదర్శనం బట్టి ఒక రోజు అటూ ఇటూ అవుతుంది కాబట్టి, ముందు వచ్చే తేదీనే లెక్కలోకి తీసుకుంటే నష్టం ఉండదు.