డాక్టరుకెందుకు కోపం వస్తుంది?

ఆత్మహత్యకు ప్రయత్నించి రెండోసారో మూడోసారో ఆసుపత్రికి వచ్చిన రోగిని చూస్తే డాక్టర్లకు, నర్సులకు జాలి కలుగుతుంది. దాంతోపాటు కోపమూ వస్తుంది. ‘మళ్లీ వచ్చాడా’ అని లోలోపల విసుక్కున్నా పైకి ఒప్పుకునేవారు తక్కువ. 1974లో అమెరికన్ మనోవైద్యులు జాన్ మాల్ట్స్‌బర్గర్, డాన్ బ్యూయీ ఆ సంగతి మొహమాటం లేకుండా రాశారు.

వారి లెక్కలో ఈ కోపం వెనక ఉన్న ద్వేషంలో పాళ్లు రెండు: కసి, వైముఖ్యం. కసి కటువైన మాటగా బయటపడుతుంది. రోగితో సంబంధం మాత్రం తెగదు. వైముఖ్యం చప్పుడు చేయదు. అపాయింట్‌మెంట్ వాయిదా పడుతుంది. ‘ఇప్పుడు బాగానే ఉన్నాడు’ అంటూ డిశ్చార్జి ముందే రాసేస్తారు. రోగి ప్రాణానికి ఎక్కువ ముప్పు దీనితోనే అని వారు హెచ్చరించారు.

ఇంతకీ డాక్టరు కోపానికి మూలమెక్కడ? కొంత రోగి లోపలి కోపంలోనే. ప్రేమించినవారు దూరమైతే వారిమీది కోపం లోపలికి తిరిగి ఆత్మనిందగా మారుతుందని మనోవిశ్లేషణ ఆద్యుడు ఫ్రాయిడ్ 1917లో వివరించారు. అమెరికన్ మనోవైద్యుడు కార్ల్ మెనింజర్ 1938లో ఆత్మహత్య వెనక మూడు కోరికలు చూశారు: చంపాలని, ఎవరి చేతనైనా చావాలని, ఊరికే చనిపోవాలని. ఎవరైనా తనను వదిలేసేవారేనని నమ్మిన రోగి తెలియకుండానే డాక్టరునూ పరీక్షిస్తాడు. మందులు మింగడు, అడిగితే పలకడు, రెచ్చగొడతాడు. డాక్టరు మొహం చాటేస్తే అతని నమ్మకం నిజమైపోయినట్టే.

అందుకే మనసు లోతుల్లోని ఇలాంటి భావాలను పరిశీలించే సైకోడైనమిక్ శిక్షణ పొందినవారు తమ విసుగును రోగిమీద చూపకుండా సీనియర్లతో చర్చిస్తారు. రోగిని సూటిగా అడుగుతారు: ‘చనిపోతే ఏమవుతుందనుకుంటున్నారు?’ ఒకరికి చావంటే పోయిన తల్లిని కలుసుకోవడం, ఇంకొకరికి తనకు తాను వేసుకునే శిక్ష. జవాబును బట్టి మాట్లాడే తీరు మారుతుంది. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ.

ఈ మార్గం మందులకు, భద్రతా ఏర్పాట్లకు తోడే తప్ప బదులు కాదు. ఫలితాలకు ఆధారాలున్నాయి. తన మనసులో, ఎదుటివారి మనసులో ఏం జరుగుతోందో గమనించడం నేర్పే, ఇదే కోవకు చెందిన మెంటలైజేషన్ చికిత్సను లండన్‌లో పరిశోధకులు బేట్‌మన్, ఫోనగీ తీవ్రమైన వ్యక్తిత్వ సమస్య ఉన్నవారిపై పరీక్షించారు. 2008లో వెలువడిన ఫలితాల ప్రకారం, చికిత్స ముగిశాక ఐదేళ్లలో మళ్లీ ఆత్మహత్యకు ప్రయత్నించినవారు 23 శాతం. మామూలు చికిత్స పొందినవారిలో 74 శాతం. అధ్యయనం చిన్నది, 41 మందిది. తేడా మాత్రం పెద్దది.

ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమూ చెబుతోంది. మీకుగానీ మీవారికిగానీ అలాంటి ఆలోచనలు వస్తుంటే ఒంటరిగా భరించకండి. టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయండి. ప్రమాదం దగ్గర్లో ఉందనిపిస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.