పెంపుడు కుక్క తప్పిపోతే భార్యాభర్తల మధ్య గొడవలు ఎందుకొస్తాయి?

దీపావళి రాత్రి పదిన్నర. వీధిలో బాంబులు మోగుతూనే ఉన్నాయి. చెత్తబుట్ట బయట పెట్టడానికి భర్త గేటు తీశాడు. అప్పటిదాకా మంచం కింద నక్కి వణుకుతున్న కుక్క అతని కాళ్ల సందులోంచి దూసుకుపోయింది. పేరు పెట్టి పిలిచినా వెనక్కి చూడలేదు.

పండగ రోజుల్లో మన నగరాల్లో ఏదో ఒక ఇంట్లో ఇలాంటిది జరుగుతూనే ఉంటుంది. మొదటి రెండు రోజులు భార్యాభర్తలు కలిసే వెతుకుతారు. నాలుగో రోజుకు మాటలు మారతాయి. "గేటు చూసుకుని తియ్యమని ఎన్నిసార్లు చెప్పానండీ" అని ఆమె అంటుంది. "ఇంకెన్నాళ్లు ఇలా రోడ్లు పట్టుకుని తిరుగుతావు?" అని అతను అడుగుతాడు. పదో రోజుకు ఆ మాటలు కూడా ఉండవు. ఒకరు ఫోన్‌లో పాత ఫొటోలు చూస్తూ కూర్చుంటారు. ఇంకొకరు ఆఫీసు నుంచి ఆలస్యంగా రావడం మొదలుపెడతారు.

చూసేవాళ్లకు ఇది కుక్క గురించి గొడవ. నిజానికి ఆ ఇద్దరూ ఒకే కష్టాన్ని రెండు రకాలుగా మోస్తున్నారు. ఆ తేడాను ప్రేమలో తేడాగా పొరబడటంతో అసలు సమస్య మొదలవుతుంది.

తప్పు ఎవరిది?

మొదట వచ్చే ప్రశ్న ఇదే. కాబట్టి కుక్క ఎందుకు పారిపోతుందో తెలుసుకోవడం మంచిది. మనిషి చెవి సుమారు 20 వేల హెర్ట్జ్ వరకు శబ్దాలను వినగలదు. కుక్క సుమారు 45 వేల హెర్ట్జ్ వరకు వింటుంది. మనకు వినపడనంత చిన్న శబ్దాలను కూడా అది పసిగడుతుంది. మనకు చిరాకు పుట్టించే మోత దానికి ప్రాణభయం. ఆ భయంలో అది ఇంటిని వదిలి వెళ్లాలనుకోదు, శబ్దానికి దూరంగా పోవాలనుకుంటుంది. బాగా బెదిరిన కుక్క యజమాని పిలిచినా దగ్గరికి రాకపోవచ్చు.

గేటు తీసింది ఒకరే కావచ్చు. కానీ ఆ సాయంత్రమే కుక్కను లోపలి గదిలో ఉంచి తలుపు వేయాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. దాని మెడపట్టీకి ఫోన్ నంబరున్న బిళ్ల తగిలించాలన్న ఆలోచన కూడా ఎన్నాళ్లుగానో వాయిదా పడుతూ వచ్చి ఉండొచ్చు. చాలా ఇళ్లలో తప్పు ఒక చెయ్యి చేసింది కాదు.

అయినా నింద ఎందుకు ఆగదు? ఏం జరిగిందో తెలియనప్పుడు మనసుకు ఏదో ఒక జవాబు కావాలి. "నీ వల్లే" అన్నది అన్నిటికన్నా దగ్గరలో దొరికే జవాబు. అది బాధను తగ్గించదు. ఒక్క క్షణం పాటు అయోమయాన్ని మాత్రం తగ్గిస్తుంది.

చావు కాదు, వీడ్కోలూ లేదు

అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీకి చెందిన పాలీన్ బాస్, 1970లలో వియత్నాం యుద్ధంలో ఆచూకీ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలను అధ్యయనం చేశారు. చనిపోయారని చెప్పలేక, బతికున్నారని నమ్మలేక ఆ కుటుంబాలు పడే అవస్థకు ఆమె 'ఆంబిగ్యుయస్ లాస్' అని పేరు పెట్టారు. తేలని నష్టం అనుకోవచ్చు. 1999లో ఇదే పేరుతో ఆమె పుస్తకం వచ్చింది.

ఈ భావన మనుషుల గురించి పుట్టింది. కుక్క తప్పిపోవడాన్ని సైనికుడి అదృశ్యంతో ఎవరూ సమానం చేయరు. కానీ తేలని నష్టం మనసు మీద పనిచేసే తీరు ఇక్కడా కనిపిస్తుంది. కుక్క చనిపోతే పాతిపెడతారు, ఏడుస్తారు, మెల్లగా దాని గిన్నె అటక మీదికి చేరుతుంది. తప్పిపోతే ఆ గిన్నెను ఏం చేయాలో కూడా తెలియదు. తీసేస్తే ఆశ వదులుకున్నట్టు, ఉంచితే రోజూ గుచ్చుకున్నట్టు. రాత్రి ఎక్కడ కుక్క అరిచినా లేచి కూర్చుంటారు.

బాస్ చెప్పిన ఇంకో విషయం భార్యాభర్తలకు బాగా పనికొస్తుంది. తేలని నష్టంలో ఒకే ఇంట్లోని మనుషులు ఒకే సమయంలో ఒకే నిర్ణయానికి రారు. ఒకరు "పోయింది" అనుకునే దశకు వచ్చేసరికి, ఇంకొకరు "వస్తుంది" అనే దశలోనే ఉంటారు. అప్పుడు ఆశ ఉన్నవారికి రెండోవారు రాయిలా కనిపిస్తారు. వదిలేసుకున్నవారికి మొదటివారు మొండిగా కనిపిస్తారు.

ఒకే బాధ, రెండు దారులు

దుఃఖంపై పరిశోధన చేసిన కెనెత్ డోకా, టెర్రీ మార్టిన్ దుఃఖించే తీరుల్లో రెండింటిని గుర్తించారు. కొందరికి బాధ ఏడుపుగా, మాటలుగా బయటికి వస్తుంది. మరికొందరికి అది పనిగా మారుతుంది. పోస్టర్లు జిరాక్స్ తీయిస్తారు, బండి మీద వీధులన్నీ తిరుగుతారు, లేదంటే పగిలిన గేటు గొళ్లెం బాగుచేస్తారు. ఆడవాళ్లు ఇలా, మగవాళ్లు అలా అని దీన్ని గీత గీసి విడదీయలేమని, చాలామందిలో రెండూ కలిసి ఉంటాయని కూడా వారు చెప్పారు. గొళ్లెం బిగిస్తున్న మనిషి కూడా ఏడుస్తున్నట్టే. ఎదుటివారికి అది కనిపించదు, అంతే.

దాంపత్య గొడవలను పరిశీలించిన ఆండ్రూ క్రిస్టెన్సెన్ వంటి మనస్తత్వవేత్తలు గమనించిన వలయం ఒకటి ఇక్కడ తోడవుతుంది. ఒకరు మాట్లాడమని వెంటపడతారు, రెండోవారు తప్పించుకుంటారు. తప్పించుకునే కొద్దీ వెంటపడటం పెరుగుతుంది. వెంటపడే కొద్దీ తప్పించుకోవడం పెరుగుతుంది. ఎవరికి వారు ఎదుటివారి వల్లే మొదలైందని నమ్ముతారు. ఇంట్లో పాత తగాదాలు ఏవైనా ఉంటే, ఈ వలయంలోకి అవన్నీ వచ్చి చేరతాయి. "నా మాట ఎప్పుడు విన్నారు కనక" అన్న వాక్యంలో కుక్క ఉండదు. పదేళ్ల కాపురం ఉంటుంది.

'కుక్కే కదా'

ఈ బాధకు బయట చోటు లేకపోవడం మరో కారణం. సమాజం గుర్తించని దుఃఖం గురించి డోకా 1989లోనే రాశారు. కుక్క తప్పిపోయిందని ఆఫీసులో సెలవు అడగడానికి మొహమాటం. బంధువులకు చెబితే "ఇంకోటి తెచ్చుకోండి" అంటారు. అత్తింట్లోనో పుట్టింట్లోనో ఎవరో ఒకరు "పిల్లల మీద కూడా ఇంత బెంగ పెట్టుకోరు" అని కూడా అనేస్తారు. పిల్లలు లేని దంపతులకు, పిల్లలు విదేశాల్లో ఉన్న పెద్దవాళ్లకు ఈ మాటలు మరీ లోతుగా తగులుతాయి.

చట్టం దృష్టిలోనూ పెంపుడు కుక్క యజమాని ఆస్తి. ఎవరైనా ఎత్తుకెళ్లారని అనుమానం ఉంటే భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ కింద దొంగతనంగా ఫిర్యాదు చేయొచ్చు. దానితో ఉన్న అనుబంధానికి మాత్రం ఏ కాగితంలోనూ గడి ఉండదు. బయట చెప్పుకోలేని బరువంతా చివరికి ఇంట్లో ఉన్న రెండో మనిషి మీద పడుతుంది. ఆ రెండో మనిషి కూడా అదే బరువుతో ఉంటారు.

వెతకడాన్ని పంచుకోవడం ఎలా?

ఇద్దరూ ఒకే పని చేయనక్కర్లేదు. మాటకారి అయినవారు పాలవాడు, ఇస్త్రీ బండి మనిషి, పారిశుద్ధ్య కార్మికులు, వాచ్‌మన్లతో మాట్లాడొచ్చు. తెల్లవారకముందే వీధుల్లో ఉండేది వాళ్లే. రెండోవారు పోస్టర్లు, సీసీ కెమెరాలు, జంతు వైద్యశాలలు, షెల్టర్లు చూసుకోవచ్చు. అమెరికాలో వెయ్యికి పైగా ఇళ్లలో చేసి, 2012లో ప్రచురించిన సర్వేలో తప్పిపోయిన కుక్కల్లో 93 శాతం తిరిగి దొరికాయని తేలింది. సగం దాకా చుట్టుపక్కల వెతకడం వల్లే దొరికాయి. ఇక్కడి పరిస్థితులు వేరైనా, దగ్గర్లోనే ముందు వెతకాలన్న పాఠం మారదు.

అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున వీధులు సద్దుమణిగినప్పుడు ఆగి ఉన్న కార్ల కింద, సగం కట్టిన ఇళ్లలో, కాలువల పక్కన చూడాలి. కనిపిస్తే వెంట పరుగెత్తకూడదు. కూర్చుని, మెల్లగా పిలవాలి.

మున్సిపాలిటీ జంతు సంతాన నియంత్రణ కేంద్రానికి వెళ్లడం మరిచిపోకూడదు. 2023 నిబంధనల ప్రకారం వీధికుక్కలకు ఆపరేషన్ చేశాక చెవికి గుర్తు పెట్టి, పట్టుకున్న చోటే వదలాలి. మెడపట్టీ లేని పెంపుడు కుక్కను, ముఖ్యంగా నాటుకుక్కను, వీధికుక్కగా పొరబడే అవకాశం ఉంది. స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని కుక్కలను షెల్టర్లకు తరలించి, తిరిగి అక్కడ వదలొద్దని 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. అందువల్ల షెల్టర్లకు ఒక్కసారి ఫోన్ చేసి ఊరుకోకుండా, ఫొటో తీసుకుని కొన్ని రోజుల తేడాతో స్వయంగా వెళ్లి చూడటం అవసరం.

పోస్టర్లో కుక్క గుర్తులన్నీ రాయకూడదు. ఒకటి దాచుకోవాలి. "మీ కుక్క నా దగ్గరుంది, ముందు డబ్బు పంపండి" అంటూ ఫోన్ చేసే మోసగాళ్లను ఆ ఒక్క ప్రశ్నతో వడకట్టొచ్చు. మైక్రోచిప్ ఉంటే దాని నమోదులో ఫోన్ నంబరు సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి. ఆ 15 అంకెల సంఖ్య కుక్క ఎవరిదో చెప్పగలదు, ఎక్కడుందో చెప్పలేదు.

ఎన్నాళ్లు?

భార్యాభర్తలను ఎక్కువగా విడదీసే ప్రశ్న ఇదే. దీనికి "ఇక ఆపేద్దాం", "ఎప్పటికీ ఆపను" అన్న రెండు జవాబులే ఉన్నాయనుకోవడం వల్ల గొడవ ముదురుతుంది. మధ్యలో చాలా మెట్లు ఉంటాయి. మొదటి రెండు వారాలు రోజూ వెతకడం, తర్వాత నెల పాటు వారానికి రెండుసార్లు, ఆపైన నెలకోసారి షెల్టరుకు వెళ్లి రావడం వంటి ఒప్పందం ఇద్దరూ కలిసి చేసుకోవచ్చు. వెతకడం తగ్గించడం అంటే ప్రేమ తగ్గించుకోవడం కాదని ఇద్దరూ పైకి చెప్పుకోవాలి. మనసులో అనుకుంటే సరిపోదు.

రోజులో ఒక అరగంట కుక్క గురించి మాట్లాడుకోవడానికి, మిగతా సమయం వేరే విషయాలకు అని విడదీసుకోవడం కొందరికి ఉపయోగపడుతుంది. ఇంకో కుక్కను తేవాలా అన్నది ఇద్దరిలో ఆలస్యంగా సిద్ధమయ్యే మనిషిని బట్టి తేల్చుకోవాలి. ఆశ్చర్యపరుద్దామని తెచ్చిన పిల్లకుక్క, సిద్ధంగా లేని మనిషికి అవమానంలా అనిపించొచ్చు. ఇంట్లో పిల్లలుంటే "పొలానికి పంపాం" లాంటి అబద్ధం వద్దు. "వెతుకుతున్నాం, దొరుకుతుందో లేదో మాకూ తెలియదు" అన్న నిజాన్ని వాళ్లు తట్టుకోగలరు.

వారాలు గడిచినా నిద్ర, తిండి, పని దెబ్బతింటుంటే, లేదా ఇద్దరి మధ్య మాటలు పూర్తిగా ఆగిపోతే, సాయం అడగడంలో సిగ్గు అక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు. కుక్క గురించి ఫోన్ చేయడమేంటని వెనకాడే వారు గుర్తుంచుకోవాల్సింది ఒకటే. అవతలివాళ్లు వినేది మనిషి బాధను.

గేటు తీసిన మనిషి ఆ క్షణాన్ని రోజూ మనసులో తిరగేసుకుంటూనే ఉంటాడు. "నా వల్లే పోయింది" అని అతను ఒక్కసారి పైకి అనగలిగితే, "ఆ రోజు గదిలో పెట్టాలని నాకూ తట్టలేదండీ" అని ఆమె అనగలిగితే, కుక్క తిరిగి రాకపోయినా ఆ ఇంట్లో మాట తిరిగి వస్తుంది. కుక్క వస్తే, గేటు దగ్గర ఇద్దరూ ఉంటారు.