ఇటు ఒకరు, అటు ఒకరు

ఆలుమగలన్నాక మాటామాటా వస్తుంది. రాని ఇల్లు లేదు. కానీ ఆ మాట పెరిగి, ఇద్దరూ విడిపోయేదాకా వస్తే ఏం చెయ్యాలి?

ముస్లింల పవిత్ర గ్రంథం ఖురాన్. అందులో నాలుగో అధ్యాయం పేరు 'నిసా'. నిసా అంటే స్త్రీలు. ఆ అధ్యాయం 35వ వాక్యంలో దీనికి దారి చూపారు. ఇద్దరు పెద్దలను పిలవాలి. ఒకరు భర్త తరఫు వారు. ఒకరు భార్య తరఫు వారు. వాళ్లు ఇద్దరి మాటా విని, కలపడానికి చూడాలి.

భార్య తరఫున కూడా ఒకరు ఉండాలి. అదీ ముఖ్యం. మన ఊళ్లల్లో పంచాయితీ ఎలా జరుగుతోంది? ఏ మతం వారి ఇంట్లోనైనా అదే తీరు. మగవాళ్లు అరుగు మీద కూర్చుంటారు. ఆడమనిషి తలుపు చాటున ఉంటుంది. ఆమెను అడిగేదెవరు?

ఈ పాత మాట ఈనాటి కోర్టులోనూ పనికొచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో షమీమ్ ఆరా అనే ఆమెను భర్త వదిలేశాడు. తనకూ పిల్లలకూ ఖర్చులకు డబ్బు ఇప్పించమని ఆమె కోర్టుకు వెళ్లింది. "ఎప్పుడో తలాఖ్ చెప్పేశాను" అని భర్త కాగితం రాసిచ్చాడు. కేసు ఏళ్లకేళ్లు నడిచింది. 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఊరికే తలాఖ్ చెప్పేశానంటే చెల్లదు అంది. తగిన కారణం ఉండాలి. అంతకు ముందే రెండు వైపుల పెద్దలు కలపడానికి చూసి ఉండాలి. ఆ భర్త డబ్బు కట్టక తప్పలేదు.

ఒకే ఊపులో మూడుసార్లు తలాఖ్ అనడాన్ని 2017లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2019లో చట్టం కూడా వచ్చింది. అలా అన్న భర్తకు 3 ఏళ్ల దాకా జైలు పడవచ్చు.

భర్త కొడుతుంటే మాత్రం పెద్దల కోసం ఎదురు చూస్తూ కూర్చోనక్కర్లేదు. 181 నంబరుకు ఫోన్ చెయ్యవచ్చు.

అసలు గొడవలు ఎక్కడ మొదలవుతాయి? పని దగ్గర, డబ్బు దగ్గర. ముహమ్మద్ ప్రవక్త ఇంటి పనిలో సాయం చేసేవారని ఆయన భార్య ఆయిషా చెప్పారు. తెగిన చెప్పు తానే కుట్టుకునేవారట. మంచినీళ్లు కూడా చేతికి అందించాలనే మగవాళ్లకు ఈ సంగతి ఎందుకో గుర్తు రాదు!

ఇక డబ్బు. భర్త భార్యకు ఇస్తానని పెళ్లినాడు ఒప్పుకునే సొమ్మును మెహర్ అంటారు. అది ఆమె సొంతం. తండ్రిదీ కాదు, అత్తదీ కాదు. చాలా ఇళ్లల్లో అది కాగితం మీదే ఉండిపోతోంది. పైగా పెళ్లికూతురి తండ్రే 'జోడా' పేరుతో కట్నం ఇచ్చుకుంటున్నాడు. పెళ్లి కాగితాన్ని నిఖానామా అంటారు. మెహర్ ఎంతో అందులో రాసి ఉంటుంది. దాని నకలు అడిగి తీసుకోండి. ఆ అంకె ఎంతో ఇప్పుడు మీరే చదవవచ్చు.