వేపనూనెకు సబ్బు ఎందుకు?

రైతు సోదరులు పలువురు వేపనూనెను తిన్నగా నీటిలో పోసి చల్లుచున్నారు. మొదటి సాళ్లలో పురుగు తగ్గదు, చివరి సాళ్లలో ఆకు మాడును. అంతట అమ్మినవానిని నిందించుట పరిపాటి. తరచు దోషము నూనెది కాదు, కలిపిన తీరుది.

నీటి అణువులో ఒక ఆమ్లజని పరమాణువు, రెండు ఉదజని పరమాణువులు కలవు. ఇవి ఒకే గీతపై నుండక, సుమారు 104.5 డిగ్రీల కోణములో వంగియుండును. ఆమ్లజనికి ఎలక్ట్రానులను తనవైపు లాగుకొను గుణము హెచ్చు. అందుచే ఆ కొసకు కొద్దిపాటి ఋణవిద్యుత్తు, ఉదజని కొసలకు ధనవిద్యుత్తు ఏర్పడును. ఇట్టిదానిని ధ్రువాణువు అందురు. ఒక అణువు ధన కొస ప్రక్క అణువు ఋణ కొసను ఆకర్షించును. నూనె అణువులలోని పొడవైన కర్బన గొలుసులలో విద్యుత్తు ఇట్లు విడివడి యుండదు. నీరు నూనెను తరిమివేయునని కొందరందురు, అది సరికాదు. నీటి అణువులు ఒకదానినొకటి విడువవు గనుక నూనెకు వాని నడుమ చోటు దొరకదు. చేమాకుపై నీటిబొట్టు ముత్యమువలె దొరలుటకు ముఖ్యకారణమిదియే. ఆకుపైని మైనమును నూనె జాతిదే.

నూనె తేలిక గనుక పైకి తేలును. వీపు స్ప్రేయరు మందును అడుగునుండి లాగును. కావున మొదట వట్టి నీరును, డబ్బా అడుగంటునపుడు చిక్కని నూనెయు పడును. చివరి సాళ్లు మాడుట అందుకే.

సబ్బు అణువుకు ఒక కొస నీటిని పట్టును, పొడవైన తోక నూనెను పట్టును. నూనె బొట్ల చుట్టు సబ్బు చేరి, వానిని మరల కలియనీయదు. మందు ఆకుపై పరచుకొనుటకును ఇదియే తోడ్పడును.

10 లీటర్ల నీటికి 50 మి.లీ. నూనె, 10 గ్రాముల సబ్బు చాలును. సబ్బును కొద్ది నీటిలో కరగించి, నూనెను సన్నని ధారగా పోయుచు, పాలవలె తెల్లబడువరకు గిలకొట్టి, పిదప మిగిలిన నీటిలో కలుపవలెను. గాజు గ్లాసులో పావుగంట ఉంచి చూడుడు. నూనె తేలినచో చల్లరాదు, మరల గిలకొట్టవలెను. సబ్బు మితిమీరినను ఆకుపై మైనము చెడి మాడును.

సున్నపు లవణములు హెచ్చుగా గల బావినీటిలో సబ్బు విరిగి తెట్టు కట్టును. చెరువునీరు గాని వాననీరు గాని మేలు. ఏ బావినీట సబ్బు నురుగునో బట్టలుతుకువారు మనకంటె బాగుగా చెప్పగలరు. కలిపిన మందును ఆనాడే, ఎండ తగ్గిన పిమ్మట చల్లివేయవలెను.