తెర చెప్పే రంగు నిజమేనా?

మెట్టుగూడలో ఇంట్లోనే చీరలు ఫొటోలు తీసి అమ్ముకునేవాళ్లకు, వంగపండు రంగు తెరమీద నీలంగా కనబడిందంటే చీర తిరిగొచ్చినట్టే. తెర రంగులు సరిచేసే క్యాలిబ్రేటరే తప్పు చెబుతోందనిపిస్తే తొందరపడి పారేయకండి. ముందు తెరను అరగంట వెలగనివ్వండి. నైట్ మోడ్ ఆపండి. పరికరం వైరు నేరుగా కంప్యూటరుకే తగిలించండి. దాని అద్దాన్ని మెత్తని పొడిగుడ్డతో తుడిచి, బయటి వెలుతురు చొరబడకుండా తెరకు ఆనించండి. తెలుపు 6500 కెల్విన్, గామా 2.2 పెట్టి మళ్లీ కొలవండి. అదే తేడా ఇంకో తెరమీదా వస్తే లోపం పరికరానిదే. పాతదైతే లోపలి ఫిల్టర్లు తేమకు వెలిసిపోయి ఉండవచ్చు. విప్పితే బాగుపడవు, తయారుచేసినవాళ్లకే పంపాలి. వెలిసిన చీర ఉతికితే కొత్తదవుతుందా, చెప్పండి!